నరకం గోడ మీద మీసం

నేను ఉద్యోగంలో ఉన్నంతకాలం ఏం చేశానని ఎవరైనా అడిగితే, పాత గోడలకి ముఖం కడిగానని చెబుతాను. పాత కట్టడాలూ వాటి మీది బొమ్మలూ చూసుకునే శాఖలో రసాయనాల విభాగం మాది. దూది, వెదురుపుల్ల, సీసాలో ద్రావకం, ఒంట్లో ఓపిక. ఇంతకు మించి మాకు వేరే సరంజామా లేదు. ఇప్పుడు ఈ పనిలోకి కొత్తగా వస్తున్న పిల్లలు అప్పుడప్పుడు ఫోన్ చేసి, మీరు చేసిన గొప్ప పని ఏదైనా చెప్పండి సార్ అంటుంటారు. గొప్ప పనులకి ఫొటోలు ఉన్నాయి, ఆఫీసు వరండాలో వేలాడదీసి ఉన్నాయి, వెళ్లి చూసుకోండి. నేను చెప్పబోయేది చెడిపోయిన పని. చెడగొట్టింది ఎవరని అడిగితే మాత్రం నాకు ఇప్పటికీ సరైన జవాబు దొరకలేదు.

ముందు ఒక సంగతి తెలుసుకోండి. మన పనంటే దేవతలూ నాట్యకత్తెలూ పూలతీగలూ అనుకుని వస్తారు మీరంతా. నేనూ అలాగే వచ్చాను. తీరా చూస్తే నేను కడిగినవాటిలో సగానికి సగం హింసే. శత్రువు జుట్టు పట్టుకుని కత్తి ఎత్తిన రాజులు. తన తల తానే కోసుకుని దేవుడికి పళ్లెంలో పెట్టి ఇస్తున్న వీరులు. మొగుడి చితిలో కాలిపోయిన ఆడవాళ్ల గుర్తుగా గాజుల చెయ్యి ఒక్కటే చెక్కి పొలంగట్టు మీద పాతిన రాళ్లు. ఆ చేతికి ఊరంతా పసుపు రాసి మొక్కుతారు. ఆ చేతి తాలూకు మనిషి తనంతట తాను నడిచి వెళ్లిందా, పదిమంది పట్టుకుని తోశారా అన్నది ఆ రాయి చెప్పదు. ఇక నరకాలకైతే లెక్కే లేదు. నూనె బాణళ్లూ రంపాలూ రోకళ్లూ కడిగి కడిగి నా చేతులు పొట్టు లేచాయి. నాతో పాటు తిరిగే చిత్రకారుడు, విజయనగరం మనిషి, "మనకి జీతం ఇస్తున్నది సర్కారు కాదు గురువుగారూ, యముడు" అనేవాడు.

ఈ బొమ్మలన్నీ చూశాక నాకు ఒకటి అర్థమైంది. చెక్కేవాడైనా గీసేవాడైనా ఎప్పుడూ కొట్టేవాడి వైపు నిలబడి చూస్తాడు. రాజు ముఖం చక్కగా తీరుస్తాడు. కింద పడినవాడి ముఖం అడ్డదిడ్డంగా చెక్కి వదిలేస్తాడు. కూలి ఇచ్చేది రాజే కాబట్టి అందులో వింత లేదు. దెబ్బ తిన్నవాళ్ల వైపు నుంచి చూసి గీసిన బొమ్మ నా జన్మలో ఒక్కటే చూశాను. దాని కథే ఇది.

రెండువేల పదకొండు ప్రాంతం. శ్రీకాకుళం నుంచి సముద్రం వైపు వెళ్తే, వంశధార ఉప్పునీళ్లలో కలిసే చోటికి కాస్త ఇవతల, వేటకి వెళ్లేవాళ్ల ఊరు ఒకటుంది. వేటంటే అక్కడ చేపల వేటే. ఊరి పేరు చెప్పను. మాఘమాసంలో సముద్రస్నానానికి వచ్చేవాళ్ల కోసం ఎప్పటి జమీందారో కట్టించిన పెంకుటి మండపం ఆ ఊళ్లో ఉంది. దాని లోపలి గోడ నిండా యమలోకం. మసి పట్టి నల్లగా, సగం బొమ్మలు చేత్తో తడుముకుని చూడాల్సినట్టు ఉండేవి. దాన్ని శుభ్రం చేయమని మా ఇద్దరినీ పంపారు. నాది చీపురుపల్లి, కాబట్టి ఈ ప్రాంతం పనంటే నన్నే తోసేవారు.

మండపం చూసుకునే పూజారిగారి కుటుంబం శ్రీముఖలింగం వైపు నుంచి ఎన్నో తరాల కిందట వచ్చి స్థిరపడింది. మంచివాడు, మృదువుగా మాట్లాడతాడు, తగువంటే మాత్రం ఆమడ దూరం పరిగెడతాడు. మొదటి రోజే మమ్మల్ని గోడ చివర ఉన్న బొమ్మ దగ్గరికి తీసుకెళ్లాడు.

"దీన్ని మాత్రం జాగ్రత్తగా చూడండి. ఈ ఊళ్లో పెళ్లయి వచ్చిన పిల్లని గడప తొక్కనివ్వకముందే ఇక్కడికి తెస్తారండి. అత్తగారు దీపం పట్టుకుని ఈ బొమ్మ చూపిస్తుంది. పిల్ల బొమ్మ కింద నేల ముట్టుకుని కళ్లకద్దుకోవాలి. అప్పుడే ఇంట్లోకి. అది వీళ్ల ఆచారం."

మసిలోంచి దీపం వెలుగుకి తేలిన బొమ్మలో రెండు భాగాలు. ఎడమ పక్క భూలోకం. పూరింటి ముందు మెలితిప్పిన మీసాల మగవాడొకడు పెళ్లాం జుట్టు ఎడమచేతికి చుట్టుకుని కుడిచేత్తో పడవ తెడ్డు ఎత్తాడు. కుడి పక్క యమలోకం. స్తంభానికి కట్టేసిన ఆడది, ఇద్దరు యమభటులు ఎర్రగా కాల్చిన ఇనపకడ్డీలు ఆమె రెండు అరచేతుల్లోనూ పెట్టి నొక్కుతున్నారు. మొగుడికి ఎదురు తిరిగినదానికి ఇక్కడ తెడ్డు, అక్కడ కడ్డీ అని ఊరివాళ్లు చెప్పుకునే అర్థం. పిల్లని భయపెట్టి ఇంట్లోకి తీసుకెళ్లడానికి ఇంతకంటే తేలిక మార్గం ఎవరికీ తోచి ఉండదు.

"గురువుగారూ, ఎదురు మాట్లాడితే నాలుక కదా కోయాలి. చేతులెందుకు కాలుస్తున్నారు?" అన్నాడు చిత్రకారుడు. నరకాల్లో శిక్ష ఎప్పుడూ తప్పు చేసిన అవయవానికే పడుతుంది. అబద్ధం చెప్పినవాడికి నాలుక, పరాయి ఆడదాన్ని చూసినవాడికి కళ్లు. అతను అడిగింది సరైన ప్రశ్నే. నేను మాత్రం, "నాలుకలు వేసి వేసి విసుగొచ్చి ఉంటుందిలే" అన్నాను. ఇద్దరం నవ్వుకుని పనిలో పడ్డాం.

అక్కడే ఆమె పరిచయమైంది. చేపలమ్మే మనిషి, నలభై లోపే ఉంటుంది. తెల్లారేసరికి గంప నెత్తిన పెట్టుకుని పై ఊళ్లు తిరిగి, మధ్యాహ్నం ఖాళీ గంపతో వచ్చి మండపం నీడలో కాళ్లు చాపుకుని కూర్చునేది. నోరు పెద్దది. మమ్మల్ని ఆట పట్టించకుండా ఒక్కరోజూ లేవలేదు.

"ఏటి బాబూ, యమధర్మరాజుకి తలంటు పోస్తన్నారేటి?"

"మసి వదలగొడుతున్నామమ్మా."

"నరకం తెల్లగుంటే ఎవులు బయపడతారు? నల్లగానే ఒగ్గేయండి, పుణ్యముంటాది."

ఆమె ఒంటి మీద కమిలిన మచ్చ ఎప్పుడూ ఒకటి ఉండేది. ఒకనాడు మోచేతి దగ్గర, ఒకనాడు జబ్బ మీద, ఒకనాడు దవడ కింద. మచ్చ చోటు మారేది గానీ పోయేది కాదు. మా చిత్రకారుడి నోరు ఊరుకోదు. ఏమైందని అడిగేశాడు.

"గంప తగిలినాది బాబూ."

"దవడకి కూడా గంపేనా?"

"గంపకి కోపమొస్తే ఎక్కడైనా తగుల్తాది" అని నవ్వింది. గోడ చివరికి గడ్డం ఎత్తి చూపించింది. "పెళ్లినాడు మా యత్త దీపమెట్టి సూపించినాది కదా దాన్ని. ఈ లోకంలో తెడ్డుకి వొంగుంటే ఆ లోకంలో కడ్డీ ఉండదని సెప్పినాది. సరే అనుకున్నాను. ఇక్కడ పడేదేదో ఇక్కడే పడిపోతే అక్కడ సుకం కదా."

ఆమె అది వెటకారంగా అనలేదు. నిజంగానే నమ్మి అంది. ఆమెకి ఉన్న ఒకే ఒక్క లెక్క అది. ఇన్నేళ్లు ఆ దెబ్బల్ని ఓర్చుకోవడానికి ఆ గోడే ఆమెకి దన్ను.

గోడ మొత్తం మీద మసి దట్టంగా ఉన్నది ఆ ఆఖరి బొమ్మ మీదే. ఎందుకో మీకు అర్థమయ్యే ఉంటుంది. తరతరాల అత్తగార్ల దీపాలు అక్కడే కాలాయి. దాన్ని చివరికి ఉంచుకుని, మిగతావన్నీ అయ్యాక మొదలుపెట్టాను. దూదికి ముందు నలుపు వచ్చింది. తర్వాత ఎరుపు వచ్చింది. చెయ్యి ఆపేశాను. పాతకాలపు రంగు సున్నంలో ఇంకి గోడలో భాగమైపోతుంది, దూదికి అంటదు. అంటిందంటే అది తర్వాత ఎవరో జిగురు కలిపి పైన పూసిన పూత. మా పై అధికారికి ఫోన్ చేశాను.

"కొంచెం తీసి చూడండి. కింద మంచిది ఏదైనా ఉంటే పేపర్లో వేయిద్దాం" అన్నాడు ఆయన.

చీర కుచ్చిళ్లు కరిగితే కింద గోచీపంచె వచ్చింది. రవిక పోతే బోడి ఛాతీ వచ్చింది. జడ పోయి పిలక మిగిలింది. ముక్కెర తుడిచిన చోట మెలితిప్పిన మీసం. ఎడమ పక్క తెడ్డు ఎత్తినవాడి మీసమే అది. అదే ఎర్రంచు పంచె, అదే చెవిపోగు. స్తంభానికి కట్టేసి ఉన్నది పెళ్లాం కాదు, మొగుడు.

మా చిత్రకారుడు కడ్డీల దగ్గరికి వంగి చూశాడు. "చేతులు, గురువుగారూ" అన్నాడు. "కొట్టిన చేతులు."

ఎవడో గానీ ఆ మొదట గీసినవాడు, వాడికి దణ్ణం పెట్టాలనిపించింది నాకు. జమీందారు కూలి ఇచ్చి నరకం వేయమంటే, వేటగాళ్ల ఊళ్లో కూర్చుని, ఆ ఊరి తెడ్డునే తెచ్చి గోడ మీద పెట్టి, దాన్ని ఎత్తిన చేతుల్ని కాల్పించాడు. తర్వాత ఎవరికో అది గిట్టలేదు. ఇంకొకణ్ణి పిలిచి మీసం మీద ముక్కెర పెట్టించారు. ఎడమ పక్కన ఒక్క గీత కూడా మార్చక్కర్లేకపోయింది, చూశారా. కొట్టడం అలాగే ఉంచి, శిక్ష పడే మనిషిని మారిస్తే సరిపోయింది. వాడికి ఒక పూట పని పట్టి ఉంటుంది. ఆ ఒక్క పూట పని ఎంతమంది పెళ్లికూతుళ్ల మీద పడిందో తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్లు మండుతుంది.

మధ్యాహ్నం ఆమె వచ్చింది. గంప దించి, అలవాటుగా ఏదో అనబోయి, గోడ చూసి ఆగిపోయింది. దగ్గరికి వచ్చి ముక్కు గోడకి తగిలేంతగా వంగింది.

"ఈ మీసం మీరెట్టేరేటి?"

"లేదమ్మా. ఇది మొదట్నుంచీ అడుగునే ఉంది. పైన ఎవరో ఆడదాని బొమ్మ పూశారు. అది మేం తీశాం, అంతే." అప్పటికింకా తీయని ఒక చీర అంచు ముక్క ఉంటే, ఆమె చూస్తుండగానే దూదితో తుడిచి చూపించాను. ఎరుపు దూదికి వచ్చేసింది.

"అయితే కాల్తన్నాది ఆడివేనా సేతులు?"

"వాడివే."

ఆమె నేల మీద కూలబడింది. ముందు నవ్వింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వి నవ్వి, ఎప్పుడు ఏడుపులోకి దిగిందో మాకు తెలియలేదు. పూజారిగారు కూడా ఆ పక్కనే ఉన్నాడు. ఆయన కూడా ఆ దూది చూశాడు, ఆ మాట విన్నాడు. "శివ శివా" అనుకుంటూ లోపలికి వెళ్లిపోయాడు.

మర్నాటి నుంచి ఆడవాళ్లు రావడం మొదలైంది. ఇద్దరిద్దరు, నలుగురు నలుగురు. మాతో మాట్లాడేవారు కాదు. వచ్చి, చూసి, ఒకళ్ల చెయ్యి ఒకళ్లు గట్టిగా పట్టుకుని వెళ్లిపోయేవారు. ఒక ముసలావిడ మాత్రం మీసం మీద చూపుడువేలు ఆనించి, "మా ముసిలోడి మీసం ఇలాగే ఉండీది" అంది. మొగుడు పోయి చాలా ఏళ్లయిందట. వెళ్లేటప్పుడు వెనక్కి తిరిగి ఇంకోసారి చూసుకుంది. ఆ నాలుగు రోజులూ నేను ఈ ఉద్యోగంలో చేరినందుకు మొదటిసారి గర్వపడ్డాను. మా అధికారి వచ్చి ఫొటోలు తీయించుకుని వెళ్లాడు. పేపర్లో చిన్న ముక్క పడింది. అది మగవాళ్లు చదివారు.

తర్వాత ఆమె రావడం మానేసింది. పూజారిగారిని అడిగితే ముందు నసిగాడు, తర్వాత చెప్పాడు. మొగుడు ఏదో మాటకి చెయ్యి ఎత్తితే, ఎన్నడూ లేనిది ఆమె ఎదురు నిలబడి, మండపం కాడికెల్లి సూసొచ్చి అప్పుడు కొట్టు అందట. వాడు మండపం దగ్గరికి వెళ్లలేదు. గోడకి చేరేసి ఉన్న తెడ్డు తీశాడు. కుడిచెయ్యి మోచేతి కింద విరిగింది.

నేనూ చిత్రకారుడూ వాళ్ల ఇంటికి వెళ్లాం. అత్తగారు గుమ్మంలో అడ్డంగా నిలబడి, పడిపోనాది బాబూ, ఎల్లండి అంది. లోపలి నుంచి ఆమె గొంతు వినిపించింది. "ఎల్లిపోండి బాబూ, మీకు దణ్ణమెడతాను." పోలీసులకి చెబుదామని నేను ఎగిరాను. పూజారిగారు నా చెయ్యి పట్టుకుని, "పని అవగానే మీరు బస్సెక్కి వెళ్లిపోతారు. ఆవిడ ఇక్కడే ఉండాలి కదండీ" అన్నాడు. పిరికిమాట అది. నిజం కూడా.

ఆ తర్వాతి ఆదివారం ఊరి మగవాళ్లు మండపం ముందు కూడారు. వేటకి ఎవరూ వెళ్లలేదు. ఊరిపెద్ద మర్యాద తెలిసిన మనిషి. మాకు కుర్చీలు వేయించాడు, కొబ్బరిబోండాలు కొట్టించాడు.

"బాబూ, మీరు సదువుకున్నోలు. సర్కారు జీతం తిన్నోలు. మా తాతలనాటి గోడకి మీసాలెట్టడం మీకు తగునా?"

నేను అంతా వివరించాను. శుభ్రం చేయకముందు ఫొటోలూ తర్వాత ఫొటోలూ చూపించాను. ఎర్రగా అయిన దూది ముక్కలు సంచిలోంచి తీసి చూపించాను. వాళ్లు దూదిని చూసి, ఇది మీరు ఎట్టిన రంగు కాదని ఎలా తెలుస్తాది అన్నారు. నిజమే, దూది మీద ఎరుపు ఎక్కడిదో దూది చెప్పదు.

ఊరిపెద్ద పూజారిగారి వైపు తిరిగాడు. "పంతులుగారూ, మీరు ఇక్కడే ఉంటారు కదా. సూసేరా?"

పూజారిగారు నేల చూశాడు. "నేను పూజలో ఉన్నానండి."

అప్పుడు మా చిత్రకారుడు లేచాడు. వాడికి పౌరుషం ఎక్కువ. "ఆమె చూసింది. ఆమె ముందే తుడిచాం. ఆమెని పిలిచి అడగండి" అన్నాడు. ఆ మాట వాడి నోట్లోంచి రాగానే చొక్కా పట్టి లాగాను, అప్పటికే ఆలస్యమైంది. ఎవరామె అని ఊరిపెద్ద అడగలేదు. అందరికీ తెలుసు.

ఆమెని తీసుకొచ్చారు. కట్టు కట్టిన చెయ్యి మెడకి వేలాడదీసి ఉంది. ఒక పక్క మొగుడు, ఇంకో పక్క మీసం మొలుస్తున్న కొడుకు. ఊరిపెద్ద చాలా నెమ్మదిగానే అడిగాడు.

"సెప్పమ్మా. ఆ మీసం అడుగున ఉన్నాదా, ఈ బాబులు ఎట్టేరా?"

ఆమె గోడ వైపు చూడలేదు. మొగుడి వైపు చూసింది. కొడుకు వైపు చూసింది. తర్వాత నా వైపు చూసింది, చాలాసేపు. మాకిద్దరికీ మధ్య ఆ దూది ముక్క ఉందని నాకు తెలుసు, ఆమెకీ తెలుసు.

"నాకేటి తెలుసు బాబూ" అంది. "నానొచ్చేసరికి ఆళ్లు రంగులేస్తన్నారు. ఆళ్లే ఎట్టేరేమో."

ఆమె మీద నాకు కోపం రాలేదని రాస్తే అబద్ధమవుతుంది. వచ్చింది. పట్టలేనంత వచ్చింది. ఇంత చేసి చూపిస్తే ఇదా నువ్వు చెప్పేది అనుకున్నాను. వాళ్లు వెళ్లిపోయాక, ఆమె ఎవరి వెనకాల నడిచి ఏ ఇంటికి వెళ్తోందో కళ్లారా చూశాక, ఆ కోపం నా మీదికే తిరిగింది. నేను ఆ మండపంలో తీసింది ఒక పూత. ఆ పూత కింద ఆమె ఇన్నేళ్లూ తలదాచుకుందని నాకు తట్టలేదు. మా చదువులో అది లేదు.

అధికారి ఫోన్‌లో, "గొడవలొద్దు, ఎలా ఉండేదో అలా పెట్టేసి వచ్చేయండి" అన్నాడు. అదే మనిషి పది రోజుల కిందట పేపర్లో వేయిద్దాం అన్నవాడు.

మా చిత్రకారుడు వేయనన్నాడు. ఉద్యోగం మానేస్తానన్నాడు. మండపం వెనక్కి వెళ్లి ఒంటరిగా కూర్చున్నాడు. తర్వాత వచ్చి కుంచె కడుక్కున్నాడు. వాడి చేతిలో బంగారం ఉండేది. మీసం మీద ముక్కెర, గోచీ మీద కుచ్చిళ్లు, ఛాతీ మీద రవిక, పిలక మీద జడ, పాతదానికి తేడా తెలియకుండా వేశాడు. అంత బాగా వేయడం చూసి నాకు ఏడుపొచ్చింది. కానీ నీటిరంగులతో వేశాడు. మన పనిలో ఒక నియమం ఉందని మీకు తెలుసు, మనం పైన వేసేది ఏదైనా, రేపు ఇంకొకడు తీసేయగలిగేలా వేయాలి. ఆ నియమం అంత గట్టిగా పాటించినవాణ్ణి నేను ఇంకొకణ్ణి చూడలేదు.

ఆమె ఆ రోజు వచ్చింది. కట్టు చెయ్యి ఒళ్లో పెట్టుకుని, గంప లేకుండా, అదే నీడలో కూర్చుని చూసింది. మేం సామాను సర్దుకుంటుంటే చిత్రకారుడు ఆమె పక్కన గొంతుక్కూర్చున్నాడు.

"ఇది నీళ్ల రంగమ్మా. తడిగుడ్డ పెట్టి తుడిస్తే పోతుంది. కిందది అలాగే ఉంది. నీకు ఎప్పుడు కావాలనిపిస్తే అప్పుడు."

ఆమె తల ఊపింది. ఆట పట్టించలేదు.

తర్వాత చాలా గోడలు కడిగాను. పదవీ విరమణ చేశాను. చిత్రకారుడు నాకంటే చిన్నవాడు, నాకంటే ముందే పోయాడు. ఆసుపత్రిలో చూడ్డానికి వెళ్తే, "తుడిచి ఉంటుందంటారా?" అని అడిగాడు. ఎవరి గురించని నేను అడగక్కర్లేదు. తుడిచే ఉంటుంది అన్నాను.

ఆ మధ్య పెద్ద తుఫాను వచ్చి శ్రీకాకుళం జిల్లా కోస్తా అంతటినీ ఊడ్చేసింది కదా. చెట్లూ కరెంటు స్తంభాలూ పడిపోయాయని టీవీలో చూపిస్తుంటే, అందరూ అయ్యో అంటుంటే, నా బుద్ధి చూడండి, నాకు మాత్రం లోపల ఒక ఆశ. ఆ పెంకుటి కప్పు ఎగిరిపోయి ఉంటుంది. గోడ మీద వాన పడి ఉంటుంది. ఆడదాని చేతకానిది, ఊరు జరగనివ్వనిది, వాన చేసేసి ఉంటుంది. మీసం బయటికి వచ్చి ఉంటుంది, వానతో ఏ ఊరిపెద్ద తగువు పెట్టుకుంటాడు? మరుసటి ఏడాది శ్రీకాకుళంలో బంధువులింటికి వెళ్లినప్పుడు ఆగలేక ఆటో మాట్లాడుకుని ఆ ఊరు వెళ్లాను.

మండపం మీద రేకులు వేశారు. పూజారిగారు పిల్లల దగ్గరికి వెళ్లిపోయాడట. నీడలో ఆమె ఉంది. జుట్టు నెరిసింది. కుడిచెయ్యి మోచేతి దగ్గర కొంచెం వంకరగా అతుక్కుంది. పక్కన రెండు గంపలు.

"గోడలు కడిగే బాబు కదూ" అంది, వెంటనే గుర్తుపట్టి. మంచినీళ్ల కోసం ఎవరినో కేకేసింది. పసుపుతాడు మెడలో కొత్తగా మెరుస్తున్న పిల్ల ఒకతి గ్లాసు పట్టుకుని బోరింగు వైపు పరిగెత్తింది. "కోడలు బాబూ. మాగమాసంలో సేసేం."

నేను గోడ చివరికి వెళ్లాను. స్తంభానికి ఆడదే కట్టేసి ఉంది. కానీ మా చిత్రకారుడు వేసిన ఆడది కాదు. దొండపండు ఎరుపు చీర, కోడిగుడ్డంత కళ్లు, బొమ్మంతా తళతళా మెరుస్తోంది. గోరుతో గీకి చూశాను. పడవలకి వేసే ఎనామిల్ రంగు.

"తుఫానుకి మొత్తం కడిగీసినాది బాబూ" అంది ఆమె నా వెనక నిలబడి. "ఆ మీసపోడు మల్లీ బయటికొచ్చీసేడు. పడవలకి పేర్లు రాసేవోడి సేత ఏయించేను."

"ఎవరు చెప్పారు వేయించమని?"

"ఎవులూ సెప్పనేదు. నానే." కొంగు సర్దుకుంది. "కొడుకు పెళ్లెట్టుకున్నాం. కోడల్ని తెచ్చి ఏటి సూపించమంటారు?"

"ఉన్నదే చూపించొచ్చు కదమ్మా. నీకు తెలుసు కదా."

ఆమె బోరింగు వైపు చూసింది. ఆ పిల్ల ఇంకా గ్లాసు కడుగుతోంది.

"నా కొడుకు సేతులు సూసేను బాబూ. ఆళ్లయ్య సేతులే. ఈ గుంట దెబ్బలు తినకుండా ఉండదు. నాకు తెలవక ముందు దెబ్బంటే దెబ్బే, నాలుగు రోజులుంటే పోయీది. ఆ మీసం సూసిన కాడ్నుంచి పోవడం నేదు. పడినప్పుడల్లా ఇది నాయం కాదు, ఇది నాయం కాదని నోపల ఒకటే రొద. ఒక్కపాలి నోరిప్పితే ఇదిగో" అని వంకర చెయ్యి చూపించింది. "తినేదెలాగూ తింటాది. ఆ రొద కూడా ఎందుకు దానికి? బయపడి ఒదిగుంటే సేతులైనా బాగుంటాయి."

గోడ వైపు తిరిగి ఆ రంగు మీద మళ్లీ గోరు ఆనించాను. ఎనామిల్ రంగు నీళ్లకి పోదు. అది పోయేంత ఘాటు ద్రావకం పెడితే కింద సున్నంతో సహా పాత రంగూ లేచిపోతుంది, నాకంటే బాగా ఎవరికి తెలుసు. ఆ మొదట గీసినవాడి మీసం అక్కడే ఉంది. ఇక ఎవరూ చూడలేరు.

పిల్ల నీళ్లు తెచ్చి ఇచ్చింది. గోడ వైపు చూసి, సిగ్గుపడుతూ అడిగింది.

"బాబూ, ఈ గోడ ఎనకటికి మీరే బాగు సేసేరంట, మా యత్త సెప్పినాది. ఈ బొమ్మ శానా పాతదేటి?"

ఆమె నా వైపే చూస్తోంది. ఆనాడు ఊరి మగవాళ్ల మధ్య నిలబడి చూసినట్టే, చాలాసేపు.

"అవునమ్మా, పాతదే" అన్నాను.

పిల్ల వంగి బొమ్మ కింద నేల ముట్టుకుని కళ్లకద్దుకుంది. అత్తాకోడళ్లిద్దరూ గంపలు ఎత్తుకున్నారు. గంప నెత్తికి చేర్చుకోవడానికి ఆ పిల్ల చేతులు పైకెత్తినప్పుడు మోచేతులు కనిపించాయి. ఇంకా ఏ మచ్చా లేదు.